రోగం తిరుగుతున్నప్పుడు ఇంట్ల పిల్లల మనసు ఎట్ల చూసుకోవాలె

ఊళ్ళె ఏదన్న రోగం తిరుగుతుందంటే మనం ఫస్ట్ చేసే పని పిల్లల నుదురు మీద చెయ్యి పెట్టి చూసుడు. కరోనా టైంల అయితే చాన ఇండ్లల్ల థర్మామీటరు, వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషను, ఆవిరి పట్టే డబ్బా అన్నీ వచ్చినయ్, మంచిదే. కని పిల్లగాడు వారం సంది సరిగ్గ తింటలేడు, అయినదానికి కానిదానికి ఏడుస్తుండు, రాత్రి లేచి కూసుంటుండు అంటే మాత్రం "వానికేమైంది, బడి లేదు, హోంవర్క్ లేదు, రాజా లెక్క ఉన్నడు" అనేటోళ్ళే ఎక్కువ. నేను హన్మకొండ దగ్గర ఒక సర్కారు బడిల టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. బడిల చూసింది, ఇంట్ల చేసింది, డాక్టర్లు చెప్పంగ నేర్చుకున్నది కలిపి రాస్తున్న. అమ్మానాయినలకే కాదు, పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ, నాయనమ్మ, తాత, మేనత్త, చిన్నమ్మ అందరికీ.

కరోనా పోయింది గద, ఇప్పుడెందుకు ఇదంత అనుకోకుండ్రి. ప్రతి వానకాలం డెంగీ, వైరల్ జ్వరాలు వచ్చి గల్లీకి గల్లీ మంచం పడుతనే ఉంది. రేపు ఇంకో పెద్ద రోగం రాదని రాసిచ్చేటోళ్ళు ఎవరూ లేరు. అదిగాక 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు బాపుతోని కలిసి గడప ముంగట చప్పట్లు కొట్టిన ఒకటో తరగతి పిల్లలు ఇప్పుడు హైస్కూల్ల ఉన్నరు, వాళ్ళల్ల ఆ రెండేండ్ల భయం ఇంకా పోనోళ్ళు కూడా ఉన్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కరోనా వచ్చిన మొదటి ఏడాదిలనే ఆందోళన, డిప్రెషన్ కేసులు ప్రపంచమంత కలిపి సుమారు 25 శాతం పెరిగినయ్. 2021ల వేరే వేరే దేశాల పరిశీలనలు కలిపి 80 వేల మంది పైన పిల్లల్ని లెక్క వేస్తే నలుగుర్ల ఒకరికి డిప్రెషన్ లక్షణాలు, ఐదుగుర్ల ఒకరికి ఆందోళన లక్షణాలు ఉన్నయని తేలింది. అంటే ముప్పై మంది ఉన్న క్లాసుల ఏడెనిమిది మంది. వాళ్ళు ఎవరో గుర్తుపట్టుడే మొదటి పని.

పిల్లల టెన్షన్ మాటలల్ల కనవడది

పెద్దోళ్ళం మనం "నాకు పరేషాన్ అయితుంది" అని నోటితో చెప్పుకుంటం. పిల్లలు చెప్పరు, వాళ్ళకు చెప్పరాదు కూడా. అది కడుపునొప్పి లెక్క వస్తది, లొల్లి లెక్క వస్తది, పక్క తడుపుడు లెక్క వస్తది.

ఐదేండ్ల లోపు పిల్లలు మళ్ళ చిన్నపిల్లలు అయితరు. ఎప్పుడో మానేసిన వేలు చీకుడు మళ్ళ మొదలు పెడ్తరు, అమ్మ బాత్రూంకు పోయినా తలుపు కాడ కూసొని ఏడుస్తరు, పక్కల ఉచ్చ పోస్తరు, సంకల్నే ఉంటనంటరు. దీనికి కొట్టుడు, పదిమంది ముంగట సిగ్గు తీసుడు అస్సలు వద్దు. పక్కబట్ట మార్చి "ఏం గాదు బిడ్డా, పండుకో" అంటే చాలు, ఇంట్ల వాతావరణం సల్లగయినంక అదే తగ్గుతది.

ఆరు నుంచి పదకొండు పన్నెండేండ్ల పిల్లలకు కడుపునొప్పి, తలనొప్పి ఎక్కువ. ఒకటే ప్రశ్న పదిసార్లు అడుగుతరు, "అమ్మా, తాతకు కూడా జ్వరం వస్తదా?" అని పొద్దున అడుగుతరు, మాపటికి అడుగుతరు, మళ్ళ పండుకునేటప్పుడు అడుగుతరు. విసుక్కోవద్దు, వాళ్ళకు జవాబు గుర్తులేక కాదు, భయం తగ్గక అడుగుతరు. కడుపునొప్పిని నాటకం అని కూడా అనొద్దు. భయం అయినప్పుడు ఒంట్ల అడ్రినలిన్ అసొంటి హార్మోన్లు ఎక్కువైతయ్, గుండె దడ పెరుగుతది, కడుపు పిండినట్టయితది, ఆ నొప్పి నిజమే. ముందుగాల డాక్టర్‌కు చూపెట్టుండ్రి, ఒంట్ల ఏం లేదని తేలితే అప్పుడు మనసు సంగతి చూడుండ్రి. వరుస తప్పొద్దు, ఎందుకంటే మనసుదే అనుకొని అపెండిసైటిస్‌ను వదిలేస్తే అది ఇంకో ముప్పు.

పదమూడు దాటినోళ్ళ సంగతి వేరే. వాళ్ళు ఏడ్వరు, తలుపేసుకుంటరు. రాత్రి మూడింటిదాక ఫోను, పొద్దున పదకొండుకు లేసుడు, ఏమన్న అడిగితే కస్సుమనుడు, ఇంతకుముందు ఇష్టంగ ఆడిన క్రికెట్‌కు కూడా రాననుడు. "ముదిరిండు, మాట వింటలేడు" అని మనం అనుకుంటం. వయసు వల్ల కొంత ఉంటది గని, ఇష్టమైనవి ఒక్కొక్కటి వదిలేస్తుండంటే అది వయసు ఒక్కటే కాదు.

నిజం చెప్పుండ్రి, వాళ్ళ వయసుకు పట్టేటంత

నా మాటల ఒక్కటే గుర్తుపెట్టుకుంటరంటే ఇదే పెట్టుకోండ్రి. మనం దాస్తే పిల్లలకు తెల్వదు అనుకునుడు ఉత్త భ్రమ. వంటింట్ల గుసగుసలు వినవడ్తయ్, ఫోన్ల మాట్లాడుకుంట డాబా మీదికి పోయుడు కనవడ్తది, అమ్మ కండ్లు ఎర్రగున్నయ్ అని కనవడ్తది. సంగతి తెల్వకపోతే వాళ్ళే ఒకటి అల్లుకుంటరు, ఆ అల్లుకున్నది నిజం కంటె ఎప్పుడూ పెద్దగనే ఉంటది.

మాట్లాడేముందు ఒక ప్రశ్న అడగాలె, "దీని గురించి నీకేం తెలుసు బిడ్డా? బయట ఏమనుకుంటుండ్రు?" అని. మనం నోరు మూసుకొని వినాలె. ఏ వాట్సాప్ వీడియో చూసిండో, పక్కింటి పిల్ల ఏం చెప్పిందో అప్పుడు బయటపడ్తది. ఒక పిల్లగాడు నాతోని "మేడం, ఒక్కసారి దవఖానకు పోతే ఇగ ఇంటికి రారట గదా" అన్నడు, వాళ్ళ బాపు అప్పటికే కోలుకొని రేపో మాపో ఇంటికి వస్తుండు, కని ఆ ముక్క ఎవరూ వానికి చెప్పలే. చిన్నపిల్లగాడు, ఎందుకులే అనుకున్నరు. వాడు మూడు పూటలు సరిగ్గ అన్నం తినలే.

ఐదేండ్ల పిల్లకు చెప్పాలంటే ఇట్ల: "కంటికి కనవడని సన్న క్రిమి ఒకటి ఉంది, అది దగ్గితే తుమ్మితే ఒకరి నుంచి ఒకరికి పోతది, అందుకే మూతికి మాస్కు పెట్టుకుంటున్నం, సబ్బుతోని చేతులు కడుక్కుంటున్నం." అంతే, ఎక్కువ అవుసరం లేదు. తొమ్మిది పదేండ్లోళ్ళకు ఇంకొంచెం, డాక్టర్లు ఏం చేస్తరు, మందులు ఎట్ల పని చేస్తయ్, టీకా ఎందుకు వేస్తరు. పద్నాలుగేండ్ల పిల్లలతోని అయితే పెద్దమనుషులతోని మాట్లాడినట్టే మాట్లాడుండ్రి, పేపర్ల వచ్చిన లెక్కలు కలిసి చూడుండ్రి, వాట్సాప్‌ల వచ్చినదాంట్ల ఏది నిజం ఏది పుకారు వాళ్ళనే ఎతకమనుండ్రి, ఆ పని ఇస్తే వాళ్ళకు కూడా తమ చేతుల ఏదో ఉందనిపిస్తది.

"మనింట్ల ఎవరికీ ఏం గాదు" అని మాత్రం ఒట్టు పెట్టొద్దు. రేపు నిజంగనే నాయనమ్మకు జ్వరం వస్తే మీ ఇంకో మాట కూడా నమ్మరు. దానికి బదులు ఏం చేస్తమో చెప్పాలె: "మనం జాగ్రత్తగ ఉన్నం. ఒకవేళ అమ్మకు జ్వరం వస్తే అమ్మ ముందటి గదిల ఉంటది, బాపు అన్నం వండుతడు, నీకు రాత్రి పక్కన నాయనమ్మ పండుకుంటది, బాపుకు కూడా వస్తే నర్సంపేట నుంచి పెద్దమామ వస్తడు." చిన్నపిల్లల అసలు భయం రోగం కాదు, నన్నెవరు చూసుకుంటరు అనేది. ఆ ప్రశ్నకు పేరుతోని సహా జవాబు దొరికితే సగం భయం దిగిపోతది.

చానమంది ఇండ్లల్ల జరిగేది ఇంకోటి ఉంది, రోగాన్ని బూచిలెక్క వాడుకునుడు. "బయటికి పోతే కరోనా పట్టుకపోతది", "మాట వినకుంటే పోలీసోళ్ళకు ఇస్త, సూది వేయిస్త". ఆ పూటకు పోరడు ఇంట్ల కూసుంటడు నిజమే. కని రేపు నిజంగ సూది వేయించాల్సి వస్తే, డాక్టర్ దగ్గరికి పోవాల్సి వస్తే ఆ భయాన్ని ఎట్ల దించుతరు? దీనికంటె చెడ్డమాట ఇంకోటి ఉంది, "నువ్వు బయట తిరిగి తాతకు అంటిస్తవు" అనేది. నాలుగు నుంచి ఎనిమిదేండ్ల పిల్లలు లోకంల జరిగే చెడు అంతా తమవల్లనే అయిందని నమ్మే వయసుల ఉంటరు, "నేను చాక్లెట్ కోసం దుకాణంకు పోయిన, అందుకే తాతకు జ్వరం వచ్చింది" అని లోపల లోపల కుములుతరు, ఎవరికీ చెప్పరు. ఇంట్ల ఎవరికన్న రోగం వస్తే పిల్లలు అడిగినా అడగకపోయినా "ఇది నీవల్ల కాలేదు" అని నోరిప్పి చెప్పుండ్రి, ఒక్కసారి కాదు, మళ్ళ మళ్ళ.

గల్లీల మాటలు కూడా పిల్లలకు తగుల్తయ్. 2020ల రోగం వచ్చిన ఇంటి ముంగట కట్టెలు అడ్డం కట్టిన్రు, పాలోళ్ళు రాలే, ఆ ఇంటి పిల్లల్ని చూసి తోటి పిల్లలు ఉరికిపోయిన్రు. మన పిల్లలకు ముందే చెప్పాలె, రోగం తప్పు చేసినోళ్ళకు వచ్చేది కాదు, దూరం ఉండుడు వేరు, ఎక్కిరించుడు వేరు, దూరం నుంచే "ఎట్లున్నవ్‌రా" అని ఫోన్ చెయ్యొచ్చు.

మీరు సల్లగ ఉంటెనే వాళ్ళు సల్లగ ఉంటరు

పిల్లలు మన మాటల కంటె ముందు మన మొఖం చూస్తరు. అట్లని బాధనంత మింగి నవ్వుకుంట తిరగమని కాదు. "అమ్మకు ఇయ్యాల మనసు బాగలేదు, జరసేపు కూసుంట, మళ్ళ వస్త" అని చెప్తే పిల్లకు రెండు సంగతులు అర్థమైతయ్, బాధ రావొచ్చు, బాధ వచ్చినా మళ్ళ మామూలు అయితం అని.

టీవీ ముందుగాల తగ్గించుండ్రి. పొద్దస్తమానం కింద ఎర్ర అక్షరాలు పోతనే ఉంటయ్, అన్నం తినుకుంట చావుల లెక్కలు వినుడు పిల్లలకే కాదు పెద్దోళ్ళకు కూడా మంచిది కాదు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి చూసి బంద్ చేస్తే మీకు తెలియాల్సింది అంతా తెలుస్తది. చుట్టాల వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌ల పెట్టుండ్రి, ఎవరూ ఏమనుకోరు.

దడ వచ్చినప్పుడు చేసే ఊపిరి పద్ధతి ఒకటి పిల్లలతోని కలిసి చెయ్యొచ్చు. ముక్కుతోని నాలుగు లెక్కపెట్టేదాక గాలి పీల్చాలె, నోటితోని ఆరు లెక్కపెట్టేదాక, వేడి చాయ్‌ని ఊదినట్టు, మెల్లగ వదలాలె. వదిలేది పీల్చేదాని కంటె పొడుగు ఉండాలె, కిటుకు అంతా అక్కడ్నే, ఊపిరి మెల్లగ వదిలినప్పుడు గుండె కొట్టుకునుడు నెమ్మదిస్తది. పది సార్లు చాలు. చిన్నపిల్లలకు లెక్కలు రాకపోతే చెయ్యి చాపమని వేళ్ళ అంచుల వెంబడి ఇంకో చేతి వేలితోని గీసుకుంట పైకి పోయేటప్పుడు పీల్చు, కిందికి దిగేటప్పుడు వదులు అనుండ్రి. భయం ఎక్కువై ఏం మాట్లాడకుంట అయిపోతే, కనవడేటియి ఐదు చెప్పు, ముట్టుకునేటియి నాలుగు, వినవడేటియి మూడు, వాసన వచ్చేటియి రెండు, రుచి ఒకటి, అని అడుగుండ్రి, మనసు రేపటి భయం నుంచి ఇప్పుడున్న గదిలకు వస్తది. ఇవన్నీ భయం లేనప్పుడే ఆటలెక్క నేర్పాలె, వచ్చినంక నేర్పితే ఎక్కది.

పైసల సంగతి చెప్పకుంట పోతే ఇది సగం మాటనే అయితది. లాక్‌డౌన్‌ల ఎనుమాముల మార్కెట్ హమాలీ అయినా, కాజీపేట ఆటో అన్న అయినా, దుబాయి పోవాల్సి ఉండి జగిత్యాలల ఆగిపోయిన తమ్ముడైనా అందరి ఇండ్లల్ల టెన్షన్ పైసల కాడనే మొదలైంది. ప్రైవేటు బడి టీచర్లు జీతాల్లేక కూరగాయలు అమ్మిన్రు, 2021 ఏప్రిల్‌ల సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తమని చెప్పేదాక వచ్చింది పరిస్థితి. పిల్లలకు అప్పుల లెక్క చెప్పొద్దు, అట్లని అసలు ఏం లేనట్టు కూడా ఉండొద్దు. "ఈ నెల పైసలు తక్కువున్నయ్, తిండికి ఫికర్ లేదు, సైకిల్ మాత్రం తర్వాత చూద్దాం" అంటే పదేండ్ల పిల్లకు బాగనే అర్థమైతది. మొగుడు పెండ్లాం కొట్లాట పిల్లల ముంగట వద్దు, ఒక్కోసారి ఆగదు, అప్పుడు కనీసం తర్వాత పిల్లల దగ్గర కూసొని "మేం గట్టిగ మాట్లాడుకున్నం, అది నీ గురించి కాదు, ఇప్పుడు సర్దుకున్నం" అని చెప్పాలె. కోపంల పిల్లల మీద చెయ్యి లేస్తుందనిపిస్తే వాళ్ళను భద్రంగ ఒక కాడ ఉంచి మీరు ఇంకో గదిలకు పోయి మొఖం కడుక్కోండ్రి. తాగి వచ్చి లొల్లి చేసేటోళ్ళు ఇంట్ల ఉంటే మాత్రం అది ఊపిరి పద్ధతులతోని పోయేది కాదు, పెద్దమనుషుల్ని, అవుసరం పడితే పోలీసుల్ని 112కు ఫోన్ చేసి పిలుసుడే.

రోజుకు ఒక వరుస ఉండాలె

బడి లేకపోతే పిల్లలకు పోయేది చదువు ఒక్కటే కాదు, పొద్దు వరుస పోతది. లేసేది, తినేది, ఆడేది, పండుకునేది ఏ టైంకో తెల్వకపోతే మనసు ఇంకా చెదురుతది. గంట గంటకు టైంటేబుల్ గీసి గోడకు అతికించుడు వద్దు, రెండో రోజుకే చినిగిపోతది. మూడు మేకులు కొట్టుండ్రి చాలు: ఒకటే టైంకు లేసుడు, అందరు కలిసి ఒక పూట అన్నం తినుడు, ఒకటే టైంకు పండుకునుడు. మిగతాది అటు ఇటు అయినా నడుస్తది.

నిద్ర మీద మాత్రం గట్టిగ ఉండుండ్రి. ఆరు నుంచి పన్నెండేండ్లోళ్ళకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినోళ్ళకు 8 నుంచి 10 గంటలు కావాలె. ఫోను మంచం మీదికి రావొద్దు, అందరి ఫోన్లు రాత్రి వంటింట్ల చార్జింగ్‌కు పెట్టుడు మంచి అలవాటు, అందరివి అంటే బాపుది కూడా. రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంట కంటె ఎక్కువ ఫోను, టీవీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, ఐదు దాటినోళ్ళు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని కూడా చెప్తది. రెండు గదుల ఇంట్ల ఎక్కడ ఆడాలె అంటరు. డాబా ఉంటే పొద్దు గూకే టైంకు తాడాట, పతంగి. లేకపోతే వాకిట్ల తొక్కుడుబిళ్ళ. ఇంట్లనే కూసొని అష్టాచెమ్మ, ఓమనగుంటలు, పులిమేక, కచ్చకాయలు. వీటికి చార్జింగ్ అవుసరం లేదు, తాతలు నాయనమ్మలు పిల్లల కంటె బాగ ఆడ్తరు, ఇద్దరి మనసూ తేలికయితది.

ఇంటి పని కూడా మందే, కని దాన్ని పనిష్మెంట్ లెక్క ఇయ్యొద్దు. సర్వపిండి చేసే రోజు పిల్లను పక్కన కూసోబెట్టుకోండ్రి. బియ్యప్పిండిల పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి నీళ్ళు పోసుకుంట కలుపుడు ఆమెకు ఇయ్యుండ్రి, చేతులు అంత పిండి అయితయ్, కానియ్యుండ్రి. గిన్నెకు నూనె రాసి ముద్దను అడుగుకు అంచులకు పల్సగ ఒత్తినంక వేలితోని బొక్కలు పెట్టే పని పూర్తిగ ఆమెదే, ఎన్ని పెట్టాలె, ఎక్కడ పెట్టాలె అన్నది ఆమె ఇష్టం, ఒక్కో బొక్కల ఇంత నూనె మీరు వెయ్యుండ్రి. పొయ్యి మీద పెట్టినంక మూతల నుంచి చిటపట వినుకుంట కూసున్న ఆ పది నిమిషాలల్ల పిల్లలు మాట్లాడుతరు. ఎదురెదురుగ కూసోబెట్టి "చెప్పు, నీకేమైంది" అంటే రాని మాట చేతులు పనిల ఉన్నప్పుడు దానంతట అదే వస్తది. మొగపిల్లలతోని కూడా ఇంతే, బండి కడిగేటప్పుడు, చెట్లకు నీళ్ళు పోసేటప్పుడు అడుగుండ్రి.

పండుగలు ఆపొద్దు, చిన్నగ చేసుకోండ్రి. 2020ల బతుకమ్మ ఎవరింట్ల వాళ్ళు ఆడుకున్నరు, గునుగు, తంగేడు దొరికినోళ్ళు దొరికినంత పేర్చి వాకిట్ల నలుగురే తిరిగిన్రు. పిల్లలకు ఏడాది ఆగిపోలేదు, నడుస్తనే ఉందని తెలిసేది ఇసొంటి వాటితోనే.

చదువు గురించి భయపెట్టొద్దు

బళ్ళు బంద్ ఉన్నయని 2020 సెప్టెంబర్ 1 నుంచి సర్కారు చదువుల చానల్ టీ-శాట్‌ల, దూరదర్శన్ యాదగిరి టీవీల పాఠాలు వచ్చినయ్. ఇంట్ల ముగ్గురు పిల్లలు, ఒక్కటే ఫోను, అది కూడా బాపు పనికి పట్టుకపోయేది. గురుకులాల నుంచి ములుగు, మహబూబాబాద్ తండాలకు తిరిగొచ్చిన పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలు ఎక్కిన్రు. ఇసొంటి టైంల "వాళ్ళ పిల్ల ముందటికి పోతుంది, నువ్వు ఎన్కకు పడ్తున్నవ్" అనే మాట పెద్ద దెబ్బ. పాఠం పోతే మళ్ళ చెప్పుకోవచ్చు, బడి తెరిచినంక టీచర్లం ఉన్నదే అందుకు. పరీక్షలు ఉంటయో ఉండవో తెల్వకపోవుడు పెద్ద పిల్లలకు ఎక్కువ టెన్షన్. 2020ల పదో తరగతి పరీక్షలు రెండు మూడు పేపర్లు అయినంక ఆగినయ్, జూన్ 8న సర్కారు రద్దు చేసి 5 లక్షల పైన పిల్లలను ఇంటర్నల్ మార్కుల మీద పాస్ చేసింది. ఆ మధ్యల రెండున్నర నెలలు వాళ్ళు పుస్తకం ముంగట కూసొని చదువలేక, ఆడలేక నలిగిన్రు. అప్పుడు చేయాల్సింది రోజుకు రెండు గంటలు చదువుకు పెట్టి, మిగతా టైం గిల్టీ లేకుండ ఇడిచిపెట్టుడు, తారీఖుల గురించి పుకార్లు వినకుంట బోర్డు చెప్పిందే వినుడు.

ఇంట్ల రోగం వస్తే, మనిషి పోతే

అమ్మ వేరే గదిల ఉంటే పిల్లకు రోజూ ఒకటే టైంకు కనవడాలె, కిటికీ దగ్గరనో, వీడియో కాల్‌లనో, రెండు నిమిషాలైనా సరే. దవఖానల ఉంటే పిల్ల గీసిన బొమ్మ ఫోటో పంపుండ్రి, జవాబుగ అమ్మ గొంతు రికార్డు చేసి పంపమనుండ్రి, రాత్రి పండుకునేటప్పుడు వినిపియ్యొచ్చు.

మనిషి చనిపోతే ఆ మాట చెప్పేది పిల్లకు బాగ దగ్గరి మనిషి అయ్యుండాలె, చుట్టాల నోటి నుంచి వినొద్దు. "ఊరికి పోయిండు", "పండుకున్నడు" అనొద్దు. ఊరికి పోయినోడు ఎప్పుడొస్తడని పిల్ల తలుపు కాడ చూస్తది, పండుకున్నడంటే తనకు నిద్రంటే భయం పట్టుకుంటది. "తాత చనిపోయిండు. ఒళ్ళు పనిచేసుడు ఆగిపోయింది, ఇగ తిరిగి రాడు. మనకందరికీ బాధగ ఉంది, ఏడువొచ్చు" అని చెప్పుండ్రి, దగ్గరికి తీసుకోండ్రి. దేవుని దగ్గరికి పోయిండనే మాట మీ నమ్మకం అయితే అది కూడా చెప్పుండ్రి, కని చనిపోయిండనే మాట ముందు రావాలె. పిల్లల దుఃఖం ముక్కలు ముక్కలుగ వస్తది, ఇప్పుడు ఏడ్చి పావుగంటల ఆడుకుంటరు, దాన్ని చూసి "వీనికి బాధ లేదు" అనొద్దు. కరోనాల శవం ఇంటికి రాలే, అంత్యక్రియలకు 20 మంది కంటె ఎక్కువ పోరాదన్నరు, చాన మంది పిల్లలు ఆఖరి చూపు కూడా చూడలే. చూడని చావును మనసు నమ్మదు. అసొంటి పిల్లలకు తర్వాతనైనా ఏదో ఒకటి చెయ్యనియ్యాలె, ఫోటోకు పూలదండ వాళ్ళే కట్టుడు, తాత పేరు మీద ఒక చెట్టు పెట్టుడు, ఏడాది మాసికం నాడు వాళ్ళను దూరం పెట్టకుండ పక్కన కూసోబెట్టుకునుడు.

2020 మార్చి 11 తర్వాత కరోనాతోని అమ్మానాయిన ఇద్దరినీ, లేకపోతే ఉన్న ఒక్కరిని పోగొట్టుకొని పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ అనే కేంద్ర సర్కారు పథకంల పేరు ఎక్కిన పిల్లలకు 23 ఏండ్లు నిండినప్పుడు 10 లక్షలు వస్తయ్, చూసుకునే తాతలు మేనమామలు ఆ కాగితాలు భద్రంగ పెట్టుండ్రి. పేద ఇంట్ల నాయిన పోయి అమ్మ ఒక్కతే సాదుతుంటే పిల్లల కోసం సర్కారు నడిపే మిషన్ వాత్సల్య పథకం స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వచ్చే వీలుంది, జిల్లా బాలల పరిరక్షణ విభాగంల అడుగుండ్రి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

పైన చెప్పినయన్నీ చేసినా రెండు వారాలు దాటి నిద్ర, తిండి, చదువు, ఆట అన్నీ చెడిపోయినట్టే ఉంటే, పిల్ల అస్సలు మాట్లాడుతలేదంటే, చేతి మీద కోసుకున్న గీతలు కనవడితే, "నేను లేకపోతే అందరికీ మంచిగుంటది" అసొంటి మాట ఒక్కసారి విన్నా సరే, ఆగొద్దు. ఆ మాట విన్నప్పుడు రెండు వారాలు కూడా ఆగొద్దు, అదే రోజు కదలాలె. "చనిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని సూటిగ అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిద్దని మనకు భయం, కని అట్ల జరగదు, అడిగినందుకు పిల్లకు గుండె బరువు దిగుతది. తిట్టొద్దు, ఒట్లు పెట్టించుకోవద్దు, ఒంటరిగ వదలొద్దు. రైతు ఇండ్లల్ల ఇది తప్పకుండ వినుండ్రి: పత్తికి, మిర్చికి కొట్టే పురుగుల మందు ఇంట్ల మంచం కింద, దూలం మీద పెట్టుకుంటరు. దాన్ని తాళం వేసిన పెట్టెల పెట్టుండ్రి, తాళంచెవి మీ కాడ ఉండాలె, లేకపోతే కొన్ని రోజులు ఇంటి నుంచే తీసెయ్యుండ్రి. ఇంట్ల ఉన్న నిద్ర గోలీలు, బీపీ గోలీలు కూడా అంతే. ఆవేశం చానసార్లు కొంచెం సేపట్ల దిగుతది, ఆ కొంచెంసేపు చేతికి మందు దొరకకపోతే ప్రాణం నిలబడ్తది.

మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోను సాయం టెలీ మానస్, నంబరు 14416, 2022 అక్టోబర్ 10న మొదలైంది, పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగుల మాట్లాడుతరు. పిల్లే మాట్లాడాలని లేదు, "మా పిల్లగాడు ఇట్లున్నడు, ఏం చెయ్యాలె" అని మీరు కూడా అడగొచ్చు. పిల్లల్ని ఎవరన్న కొడుతుంటే, పెండ్లి చేస్తుంటే, పనికి పెడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. పురుగుల మందు తాగినట్టు అనుమానం వస్తే ఎటూ చూడకుంట 108. వరంగల్‌ల అయితే ఎంజీఎం దవఖానల మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చిట్టీ తీసుకొని పోవుడే. దూరపు ఊర్లోళ్ళు ముందుగాల పీహెచ్‌సీ డాక్టర్‌కు చెప్తే ఎటు పోవాలో ఆయన రాసిస్తడు. దిష్టి తీయించుడు, తాయత్తు కట్టించుడు మీ నమ్మకం, దానికి నేను అడ్డం రాను, కని దాన్ని చూపెట్టి దవఖానకు పోవుడు మాత్రం వాయిదా వెయ్యొద్దు. "పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతే రేపు పిల్లకు సంబంధం రాదు" అనేటోళ్ళు మన చుట్టాలల్ల ఉంటరు. వాళ్ళతోని వాదం పెట్టుకోకుండ్రి, పిల్లను తీసుకొని పొండ్రి.

మళ్ళ బడి తెరిచినంక

అంతా అయిపోయి బడి తెరిస్తే పిల్లలు ఉరుక్కుంట వస్తరనుకుంటం. 2021 సెప్టెంబర్ 1న బళ్ళు తెరిచినప్పుడు గేటు కాడ అమ్మ కొంగు ఇడువని నాలుగో తరగతి పిల్లలను చూసిన. ఇన్ని నెలలు బయట ప్రమాదం అని చెప్పి ఒక్క పొద్దుల పో అంటే ఎట్ల పోతరు? తెరిచే వారం ముందు నుంచే నిద్ర టైం మార్చుండ్రి, బడి దారిల ఒకసారి ఊకెనే తిప్పుకొని రాండ్రి, పాత దోస్తు ఒక్కరితోనన్న ముందే ఫోన్ల మాట్లాడియ్యుండ్రి. మొదటి రోజుల్ల "ఎన్ని గంటలకు వస్తనో" ఖచ్చితంగ చెప్పి ఆ టైంకే గేటు కాడ ఉండుండ్రి, చెప్పకుండ మాయం అవుడు వద్దు. ఇంట్ల ఎవరన్న చనిపోయి ఉంటే, రోగం వచ్చి పోయి ఉంటే, నాయిన పని పోయి ఉంటే ఆ సంగతి క్లాస్ టీచర్‌కు చెవిల వెయ్యుండ్రి. చెప్తే మేం ఆ పిల్లను ముందు బెంచీల కూసోబెట్టుకుంటం, తాత మీద వ్యాసం రాయమని అడగం, క్లాసుల ఒక్కసారే ఏడుపొస్తే బయటికి పంపి నీళ్ళు తాగించుకొని రమ్మంటం.